కోపమా, థైరాయిడా?

నా జబ్బుని మొట్టమొదట పట్టుకున్నది డాక్టరు కాదండీ, బ్యాంకులో కౌంటరు అబ్బాయి. చీటీ వాయిదా కట్టడానికి ఐదు వేలు తీద్దామని వెళ్తే, ఫారం వెనక్కి ఇచ్చి "సంతకం కలవడం లేదు మేడం, ఇంకోసారి పెట్టండి" అన్నాడు. పెట్టాను. అదీ కలవలేదు. మూడోసారి పెడుతుంటే పెన్ను నా మాట వినడం లేదని నాకే తెలిసిపోయింది. గుండ్రంగా తిరగాల్సిన అక్షరం మెట్లు మెట్లుగా వస్తోంది. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టంలేక ఆ పిల్లాడి మీద అరిచాను. పదిహేనేళ్ళుగా ఇక్కడ ఖాతా ఉన్నదాన్ని, నన్నే అనుమానిస్తారా అని. లైన్లో వాళ్ళందరూ నావంకే చూశారు.

ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే మావారు పేపరు లోంచి తలెత్తి "బ్యాంకు వాళ్ళతో కూడా గొడవేనా?" అన్నారు.

ఆ 'కూడా'లో ఆరు నెలల చరిత్ర ఉంది. అది చెప్పాలనే ఇవాళ కూర్చున్నాను.

ఆ ఆరు నెలల్లో నేను ఇంట్లో అందరితోనూ గొడవపడ్డాను. పాలు పొంగితే ఏడ్చాను. పనమ్మాయి అరగంట ఆలస్యంగా వస్తే మానేసి పొమ్మన్నాను. లెక్కల్లో మార్కులు తక్కువొచ్చాయని మా చిన్నదాన్ని చెంప మీద కొట్టాను. అంతకుముందు దాని మీద ఎప్పుడూ చెయ్యెత్తినదాన్ని కాదు. కొట్టాక దాని మొహంలో నొప్పి కన్నా ఆశ్చర్యం ఎక్కువ కనిపించింది. ఆ మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది. మా అత్తయ్యగారైతే "నీ పెళ్ళాం నన్ను గుడ్లురిమి చూస్తోందిరా" అని మావారితో చెప్పారు. నేనెప్పుడూ ఆవిడ వంక అలా చూడలేదు, ఒట్టు. కానీ ఆవిడ అబద్ధం చెప్పలేదని తర్వాత తెలిసింది. ఆ ముక్క తర్వాత చెప్తాను.

రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు. డిసెంబరులో ఇంటిల్లిపాదీ దుప్పట్లు కప్పుకుంటే నాకు ఫ్యాను ఐదులో ఉండాలి. పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినపడేది. ఆకలి మాత్రం విపరీతం. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన అన్నం కూడా పెరుగేసుకుని తినేసేదాన్ని. అయినా తొమ్మిది కిలోలు తగ్గాను. జాకెట్లన్నీ రెండేసి కుట్లు లోపలికి వేయించాను. ఇక్కడే నన్ను ఇప్పటికీ మండించే సంగతి ఒకటుంది. ఆ తొమ్మిది కిలోలకీ నాకు దొరికినవన్నీ పొగడ్తలే. పేరంటంలో కలిసిన ప్రతివాళ్ళూ "అబ్బ, ఎంత సన్నబడ్డావ్! ఏం చేస్తున్నావ్, వాకింగా? రాగిజావా?" అని అడిగారు. ఒకావిడ ఫోన్ నంబరు తీసుకుని మరీ నా డైట్ చార్టు పంపమంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి ఏ ప్రయత్నమూ లేకుండా, రెట్టింపు తింటూ చిక్కిపోతుంటే అదేమిటని ఒక్కరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే ఉంది.

చివరికి మావాళ్ళు ఏం చేశారంటే, మా అన్నయ్యని పిలిపించారు. నాకు నచ్చజెప్పడానికి. వాడు పాపం ఏలూరు నుంచి సెలవు పెట్టుకుని వచ్చాడు. "అమ్మ ఎంత ఓర్పుగా ఉండేదో గుర్తు తెచ్చుకో" అని హాల్లో అందరి ముందూ అన్నాడు. నేను తలొంచుకుని చీర కొంగు దారాలు లాగుతూ కూర్చున్నాను. అప్పుడు కూడా నా వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. అయిదుగురు పెద్దవాళ్ళం ఉన్నాం ఆ గదిలో. నా గుణం గురించి అందరూ మాట్లాడారు, నా వేళ్ళవంక ఎవరూ చూడలేదు.

చూసింది మా వీధి చివర క్లినిక్కులో ఉండే పెద్ద డాక్టరుగారు. చిన్నదానికి జ్వరమని తీసుకెళ్ళాను. దానికి మందు రాసేసి, చీటీ నాకివ్వబోతూ ఆగి "మీరోసారి చేతులు చాపండమ్మా, వేళ్ళు దూరంగా పెట్టి" అన్నారు. చాపాను. నా చేతుల మీద ఒక తెల్లకాగితం పెట్టారు. అది గాలికి ఊగే ఆకులా అల్లాడింది. నాడి చూశారు, కూర్చుని ఉండగానే నిమిషానికి 118. తర్వాత నేల మీద గొంతుక్కూర్చుని చేత్తో ఆనుకోకుండా లేవమన్నారు. లేవలేకపోయాను! పీట మీంచి లేవడానికి గడప పట్టుకోవడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు. వయసు మీద పడుతోందనుకున్నాను. "అమ్మా, మీకు థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నట్టుంది, రేపు రక్తం ఇవ్వండి" అన్నారాయన. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది.

థైరాయిడ్ అనగానే మన ఇళ్ళల్లో ఒకటే అర్థం. లావెక్కడం, నీరసం, జుట్టు ఊడటం, పొద్దున్నే పరగడుపున మాత్ర. అది తక్కువ పనిచేసే థైరాయిడ్. మన చుట్టూ ఎక్కువమందికి ఉండేది అదే కాబట్టి ఆ పేరు దానికే స్థిరపడిపోయింది. నాది దానికి సరిగ్గా తిరగబడ్డ జబ్బు. మా పక్కింటి ఆవిడ విషయం విని ఎంతో ప్రేమగా తన సీసాలోంచి పది మాత్రలు కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది, "నాకూ థైరాయిడే వదినా, డాక్టరు దగ్గరికి వెళ్ళేలోగా ఇవి వేసుకో" అని. అవి వేసుకుని ఉంటే మంటలో కిరసనాయిలు పోసినట్టయ్యేది. మాత్రలు అరువిచ్చుకోవడం మనకి పెరుగు తోడు ఇచ్చుకున్నంత తేలిక. దయచేసి ఈ ఒక్క జబ్బులో మాత్రం ఆ పని చెయ్యకండి.

రిపోర్టు చూసి మావారు అయోమయపడ్డారు. టీఎస్‌హెచ్ దగ్గర 0.01 కన్నా తక్కువ అని ఉంది. "తక్కువని ఉందిగా, మరి ఎక్కువంటారేమిటి?" అన్నారు. చాలామందికి ఇక్కడే తికమక. నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను. మీ ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉంది కదా. మెడలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథిని మోటారు అనుకోండి. అది ఎక్కించే నీళ్ళు టీ3, టీ4 అనే హార్మోన్లు. ఒంట్లో ప్రతి అవయవం ఎంత వేగంగా పనిచెయ్యాలో చెప్పేవి ఇవే. మెదడు అడుగున పిట్యూటరీ అని ఇంకో చిన్న గ్రంథి ఉంటుంది, అది మోటారు స్విచ్చి దగ్గర మనిషి. ఆ మనిషి వేసే కేకే టీఎస్‌హెచ్. నీళ్ళు తగ్గితే గట్టిగా కేకేస్తుంది, నిండితే నోరు మూసుకుంటుంది. నా విషయంలో ట్యాంకు పొంగి గోడల మీంచి కారుతోంది. పిట్యూటరీ పాపం పూర్తిగా నోరు మూసుకుంది. అందుకే టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. అయినా మోటారు ఆగట్లేదు, ఎందుకంటే వేరే ఎవరో స్విచ్చి నొక్కి పట్టుకున్నారు.

ఆ నొక్కి పట్టుకున్నవి నా ఒంట్లోంచే పుట్టిన యాంటీబాడీలు. రోగాలతో పోరాడాల్సిన సైన్యం పొరబాటున థైరాయిడ్ మీద పడి, దాన్ని పాడుచెయ్యకుండా పరుగులు పెట్టిస్తుంది. దీన్ని గ్రేవ్స్ జబ్బు అంటారు. 1835లో రాబర్ట్ గ్రేవ్స్ అనే ఐర్లండు డాక్టరు వివరించాడు కాబట్టి ఆ పేరు. మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో అయిదు నుంచి పది రెట్లు ఎక్కువ. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువట. డాక్టరు అడిగాక గుర్తొచ్చింది, మా మేనత్త పెళ్ళి ఫోటోలో ఆవిడ కళ్ళు ఇంతింత ఉంటాయి, మెడ కింద ఉబ్బుగా ఉంటుంది. "మహా గయ్యాళి" అని మా నాన్న వైపు వాళ్ళందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడకి ఏ టెస్టూ చేయించిన వాళ్ళు లేరు, కాబట్టి నేనేమీ అనలేను. కానీ ఆ ఫోటో చూసినప్పుడల్లా ఆ మాట గొంతులో అడ్డుపడుతుంది.

అత్తయ్యగారు చెప్పిన గుడ్లురమడం సంగతి కూడా ఇక్కడే తేలింది. గ్రేవ్స్ ఉన్నవాళ్ళలో కొంతమందికి కనుగుడ్డు వెనక కండరాలు వాస్తాయి, పైరెప్ప పైకి లాక్కుపోతుంది. నల్లగుడ్డు పైన తెల్లటి గీత కనిపిస్తుంది. మనిషి మామూలుగా చూస్తున్నా ఎదుటివాళ్ళకి కోపంగా చూస్తున్నట్టే ఉంటుంది. ఆవిడ ఉన్నదున్నట్టే చెప్పారు, నేనూ నిజమే చెప్పాను. మధ్యలో అబద్ధం చెప్పింది నా కనురెప్ప.

ఎక్కువ థైరాయిడ్‌కి కారణం గ్రేవ్స్ ఒక్కటే అనుకోకండి. కొంతమందికి, ముఖ్యంగా కాస్త వయసు మళ్ళాక, మెడలో ఉన్న గడ్డలే ఎవరి మాటా వినకుండా సొంతంగా హార్మోను తయారు చేసుకుంటూ పోతాయి. తక్కువ థైరాయిడ్ ఉన్నవాళ్ళు మాత్ర మోతాదు మించి వేసుకున్నా ఇవే లక్షణాలు వస్తాయి. సన్నబడదామని కావాలని ఎక్కువ వేసుకునేవాళ్ళు ఉన్నారని విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ సన్నదనం ఖరీదు అది.

మనం ముఖ్యంగా తెలుసుకోవాల్సింది బాలింతల సంగతి. కాన్పయిన కొద్ది నెలల్లో కొంతమందికి థైరాయిడ్ గ్రంథి వాచి, లోపల నిలవున్న హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి కారుతుంది. దడ, చెమట, చిరాకు, నిద్రలేమి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇవన్నీ మామూలే అనుకుంటారు. కొన్ని వారాల తర్వాత అదే గ్రంథి అలిసిపోయి తక్కువ పనిచేస్తుంది, అప్పుడు నీరసం, దిగులు. చాలామందిలో తర్వాత సర్దుకుంటుంది, కొందరికి తక్కువ థైరాయిడ్ ఉండిపోతుంది. ఇందులో మోటారు ఎక్కువ తిరగడం లేదు, ట్యాంకు కారుతోందంతే. కాబట్టి నాకిచ్చిన మందు వాళ్ళకి పనికిరాదు. అందుకే టీఎస్‌హెచ్ తక్కువగా ఉందని చూడగానే మందు మొదలుపెట్టకుండా కారణం ఏదో తేల్చుకోవాలి. యాంటీబాడీల రక్తపరీక్ష ఒకటుంది, గ్రంథి ఎంత పీల్చుకుంటోందో చూసే స్కాన్ ఒకటుంది. బిడ్డకి పాలిస్తున్నా, గర్భం అనుమానం ఉన్నా ఆ స్కాన్‌కి ముందే చెప్పాలి.

ఇంకో చిన్న మాట. జుట్టు కోసం మనం వేసుకునే బయోటిన్ బిళ్ళలు కొన్ని ల్యాబుల్లో థైరాయిడ్ లెక్కల్ని తారుమారు చేస్తాయి. జబ్బు లేకపోయినా ఎక్కువున్నట్టు చూపించగలవు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలని, వాడుతున్న సంగతి డాక్టరుతో చెప్పాలని నాకు చెప్పారు. విటమిన్లే కదా అని మనం చెప్పం.

వైద్యం సంగతికొస్తాను. నాకు కార్బిమజోల్ మాత్రలు, దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. దడ మాత్ర రెండు మూడు రోజుల్లోనే పనిచేసింది. నా చేతులు నాకు తిరిగొచ్చినట్టనిపించింది. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇది పడదు, ముందే చెప్పాలి. కార్బిమజోల్ మాత్రం వారాల తరబడి నిదానంగా పనిచేస్తుంది. అది కొత్తగా హార్మోను తయారవకుండా ఆపుతుందే గానీ, అప్పటికే నిలవున్నది అయిపోవాలి కదా. మోటారు కట్టేసినా ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కుళాయి వస్తూనే ఉంటుంది.

డాక్టరుగారు చీటీ మీద ఎర్రసిరాతో ఒక వాక్యం రాసిచ్చారు: జ్వరం గానీ గొంతునొప్పి గానీ నోట్లో పుళ్ళు గానీ వస్తే మాత్ర ఆపి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని రావాలి. చాలా అరుదుగా ఈ మందు తెల్లరక్తకణాల్ని బాగా తగ్గించేస్తుందట, మొదటి మూడు నెలల్లో ఆ భయం ఎక్కువ. మన అలవాటు ఏమిటి? గొంతునొప్పికి మిరియాల పాలు తాగి పడుకోవడం. ఈ మందు వాడేటప్పుడు అది సరిపోదు. ఆ కాగితం నేను పోపులపెట్టె మీద అంటించాను.

తర్వాత నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నాలుగు నెలలకి నిద్రొచ్చింది, కోపం తగ్గింది, పిల్లలు దగ్గరికొచ్చారు. దాంతోపాటే పోయిన తొమ్మిది కిలోలూ వచ్చాయి, పైన ఇంకో మూడు తెచ్చుకున్నాయి. అదే పేరంటం, అవే నోళ్ళు. "ఏమిటిలా అయిపోయావ్? మందులు మనిషిని ఉబ్బిస్తాయి, మానెయ్" అన్నారు. మానేశాను. ఎవరికీ చెప్పలేదు. ఏడాదిన్నర వాడాల్సిన కోర్సు అది. రెండు నెలల తర్వాత ఓ అర్ధరాత్రి గుండె చేపపిల్లలా కొట్టుకుంటుంటే మావారు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ తిట్టిన తిట్లు నాకు పూర్తిగా చెందుతాయి. ఇలా అర్ధాంతరంగా మానేసిన ఒంటికి ఏ ఇన్‌ఫెక్షనో, ఆపరేషనో తోడైతే హార్మోను తుపానులా విరుచుకుపడి ప్రాణం మీదికి వస్తుందని ఆవిడ చెప్పింది. సన్నగా ఉన్నప్పుడు పొగిడి, ఆరోగ్యం వచ్చాక వెక్కిరించే నోళ్ళ కోసం నేను నా గుండెని పణంగా పెట్టాను.

కోర్సు మళ్ళీ మొదటినుంచి పూర్తిచేశాను. పూర్తయిన ఏడాదిలోపే జబ్బు తిరగబెట్టింది. ఇందులో నా తప్పేమీ లేదట. మాత్రలు సరిగ్గా వాడినా దాదాపు సగం మందికి తిరగబెడుతుంది. ఇక మిగిలిన దారులు రెండు. ఆపరేషన్ చేసి గ్రంథి తీసెయ్యడం, లేదా రేడియో అయోడిన్. ఆపరేషన్‌లో గొంతు నరం, కాల్షియం చూసుకునే చిన్న గ్రంథులు దెబ్బతినే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. బాగా చెయ్యి తిరిగిన సర్జన్ అయితే తక్కువ. మెడ గడ్డ పెద్దదైతే, కళ్ళు బాగా వాస్తే అదే మంచిదంటారు. నాకు రేడియో అయోడిన్ ఇచ్చారు. థైరాయిడ్‌కి అయోడిన్ అంటే ఆశ కాబట్టి, కిరణాలున్న అయోడిన్ మింగిస్తే గ్రంథి దాన్ని లాక్కుని తనంతట తనే కాలిపోతుంది. హైదరాబాదులో ఒక్క గొట్టం మాత్ర ఇచ్చారు, అంతే. అంతకుముందు గర్భం లేదని పరీక్ష చేశారు. తర్వాత కనీసం ఆరు నెలలు గర్భం రాకూడదన్నారు. పాలిచ్చే తల్లులకి ఇవ్వరు. దీనివల్ల కళ్ళ వాపు పెరగొచ్చని, నాకు కళ్ళ లక్షణాలు కొద్దిగా ఉన్నాయి కాబట్టి కొన్ని వారాలు స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడించారు.

ఇంటికొచ్చాక కొన్ని రోజులు వేరే గదిలో పడుకోవాలి, చిన్నపిల్లల్నీ గర్భిణుల్నీ దగ్గరికి రానివ్వకూడదు. మా అత్తయ్యగారు దాన్ని పూర్తిగా మైల లెక్కలో అర్థం చేసుకున్నారు. గడప దగ్గర కంచం పెట్టి వెళ్ళేవారు. నేను సరిదిద్దబోయి ఊరుకున్నాను. పెళ్ళయ్యాక నేను వంట చెయ్యకుండా, ఎవరూ పిలవకుండా పడుకున్న వారం అదొక్కటే మరి.

ఆ తర్వాత అనుకున్నట్టే నా థైరాయిడ్ పూర్తిగా నెమ్మదించింది. ఇప్పుడు నాదీ పక్కింటావిడ జట్టే. పరగడుపున థైరాక్సిన్ మాత్ర, జీవితాంతం. "ఒకటి పోయిందని ఇంకోటి తెచ్చుకున్నావా" అని జాలిపడేవాళ్ళున్నారు. రెండో దానికి రోజుకో మాత్ర, ఏడాదికి ఒకటి రెండు పరీక్షలు చాలు. మొదటిది నా ఇల్లు కూల్చబోయింది. రెండింటినీ ఒకే తక్కెడలో ఎలా పెడతారు?

అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్‌కి కూడా ఇదే జబ్బు వచ్చింది. 1991 మే నెలలో జాగింగ్ చేస్తుంటే గుండె లయ తప్పితే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, కొద్ది రోజుల్లోనే గ్రేవ్స్ అని తేల్చి రేడియో అయోడిన్ ఇచ్చారు. ఆయన భార్య బార్బరాకి అంతకుముందే అదే జబ్బు ఉంది. అధ్యక్షుడి గుండెకీ నా గుండెకీ పోలికేమిటి అంటారా? గుండె ఒకలాగే కొట్టుకుంటుంది. ఆయనకి దడొస్తే ఈసీజీ తీశారు, నాకు దడొస్తే మా అన్నయ్యకి ఫోన్ చేశారు.

ఇంకా బాధపెట్టేది పెళ్ళిళ్ళ సంగతి. మా దగ్గరి బంధువుల్లో ఒక అమ్మాయికి పెళ్ళికి ముందే ఇది ఉందని తెలుసు. సంబంధం చెడిపోతుందని చెప్పలేదు. అత్తారింటికి వెళ్ళాక మాత్రల సీసా ఎక్కడ దాచాలో తెలియక అసలే మానేసింది. నెలతప్పాక అందరూ కంగారుపడ్డారు. నిజానికి కంగారు అక్కర్లేదు, ముందే చెప్పి ఉంటే డాక్టర్లు చూసుకునేవాళ్ళు. మొదటి మూడు నెలల్లో కార్బిమజోల్ బిడ్డకి మంచిది కాదని దాని బదులు వేరే మందు ఇస్తారు. ఏ మందూ లేకుండా ఎక్కువ థైరాయిడ్‌తో ఉండటం తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. ఆడపిల్లల తల్లిదండ్రులకి నా మాట చేదుగా ఉంటుందని తెలుసు. మాత్రల సీసాకి చోటివ్వలేని ఇంట్లో మీ పిల్లకి మాత్రం చోటు ఎక్కడుంటుంది?

ఇంతా చెప్పాక, అందరితోనూ ఒప్పించలేని మాట ఒకటి మిగిలింది. మావారితో అసలే ఒప్పించలేకపోతున్నాను.

జబ్బు బయటపడ్డాక ఇంట్లో అందరూ నా మీద ఎంతో జాలి చూపించారు. అన్నయ్య ఫోన్లో ఏడ్చాడు. అత్తయ్యగారు "నా తల్లే, ఒంట్లో బాగోక అలా చూశావా" అన్నారు. బాగానే ఉంది. కానీ ఆ ఆరు నెలల్లో నేను పడ్డ గొడవలన్నిటినీ మూటగట్టి థైరాయిడ్ ఖాతాలో వేసేశారు. అందులో ఒక గొడవ చీటీ డబ్బుల గురించి. నేను నెలకి ఐదు వేల చొప్పున కట్టిన చీటీ అది. పాడుకున్నాక చేతికొచ్చిన ఎనభై వేలు, నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా మావారు వాళ్ళ బాబాయిగారి అబ్బాయికి ఇచ్చేశారు. మిగతా వాయిదాలు మాత్రం నేనే కడుతున్నాను. అప్పుడు నేను అరిచిన అరుపు వీధి చివరిదాకా వినపడింది, ఒప్పుకుంటాను. ఆ గొంతు హార్మోనుది అయ్యుండొచ్చు, అందులోని మాట మాత్రం నాదే. చిన్నదాన్ని కొట్టిన చెయ్యికి జబ్బుని సాక్ష్యం చూపిస్తే నాకు కొంత ఊరట. ఎనభై వేల మాటకి కూడా అదే సాక్ష్యం చూపిస్తే ఎలా ఊరుకోను?

ఈమధ్య ఇంట్లో నేను కాస్త గొంతు పెంచితే చాలు, "మాత్ర వేసుకున్నావా?" అంటున్నారు. మా పెద్దవాడు కూడా నేర్చుకున్నాడు. ఒకప్పుడు ఒంట్లో జబ్బుని చూసి గుణం అన్నారు, ఇప్పుడు మనసులో మాటని విని జబ్బు అంటున్నారు. రెండుసార్లూ నన్ను పట్టించుకోవాల్సిన అవసరం తప్పింది వాళ్ళకి. నా ఉద్దేశం ఏమిటంటే, ఇంట్లో ఆడమనిషి తీరు మారినట్టు కనిపిస్తే ముందు ఆవిడ చేతుల మీద కాగితం పెట్టి చూడండి, నాడి లెక్కపెట్టండి, రక్తపరీక్ష చేయించండి. రిపోర్టు ఎలా వచ్చినా సరే, తర్వాత కూర్చుని ఆవిడ చెప్పేది కూడా వినండి. పరీక్ష చేయించాం కదా అని వినడం మానెయ్యడానికి వీల్లేదు.

పోయిన వారం మళ్ళీ ఆ ఎనభై వేల ప్రస్తావన వచ్చింది. ఆ అబ్బాయి కొత్త బండి కొన్నాడని తెలిసింది. నేను అడిగాను, అరవకుండానే. మావారు పేపరు మడిచి, చాలా నెమ్మదిగా, "ఈమధ్య టెస్టు చేయించుకుని చాలా రోజులైనట్టుంది కదూ?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే పరగడుపున వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 2.1. ఫ్రిజ్ తలుపు మీద, ఆయన రోజూ మంచినీళ్ళ సీసా తీసుకునే చోట, అయస్కాంతంతో అంటించాను. మూడు రోజులుగా అది అక్కడే ఉంది. ఆయన మూడు రోజులుగా కుండలో నీళ్ళు తాగుతున్నారు.